కూర్చుంటూ కూర్చుంటూ పురానాపూల్ దాకా

జహనుమా నుంచి పురానాపూల్‌కు ఆటోలో అరగంట. చార్మినార్ దగ్గర జనం ఉంటే ముప్పావు గంట. నాకు మూడు రోజులు పట్టింది. దారి తప్పలేదు, బంద్ లేదు, వాన లేదు. నా ఒళ్ళు అట్లాంటిది.

ఈ దారి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బండి మీద ఇటు నుంచి అటు ఎన్నిసార్లు పోయి ఉంటారో. కానీ నేను పోయినట్టు పోయినవాళ్ళు తక్కువ, అందుకని చెబుతున్నాను. నాకు చదువు రాదు, సంతకం వరకే. నేను మంచం మీద పడుకుని చెబుతుంటే నా కోడలు సుజాత రాస్తున్నది. గొంతు రాసుకుపోయి ఉంది. నాలుగు మాటలు చెప్పి ఆగుతాను. తను కుట్టుమిషన్ల కార్ఖానా నుంచి వచ్చి, అన్నం తిన్నాక, రోజుకు కొంచెం. ఎక్కడైనా అతుకు కనబడితే అది మధ్యలో నేను కళ్ళు మూసుకున్న చోటు.

జహనుమా

మాది పాల ఇల్లు. నా భర్త పోయాక కొడుకు బర్రెలను చూసుకుంటున్నాడు. కష్టం చేసిన ఒళ్ళే నాది. చీకటితో లేచి పేడ తీసి, పాలు పిండి, ఇల్లిల్లూ తిరిగి పోసిన ఒళ్ళు. అలసట అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కరలేదు. రెండేళ్ళ కింద ఒక జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ దాని వెనక ఇంకేదో దిగబడింది. అలసట పడుకుంటే పోతుంది. ఇది పడుకుని లేచాక వస్తుంది. ఇవాళ పని చేస్తే ఇవాళ ఏమీ ఉండదు. రేపు గొంతు నొస్తుంది. ఎల్లుండి పక్క మీద అటు నుంచి ఇటు తిరగలేను.

ఇది తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. పోయిన ఏడు పురానాపూల్‌లో మా అక్క అంజమ్మ తన బిడ్డకు పెళ్ళి చేసింది. పోయాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొయ్యి ముందు కూర్చుని గారెలు వేశాను, బంతిలో వడ్డించాను, అందరితో నవ్వాను. రాత్రి హాయిగా ఇంటికి వచ్చి పడుకున్నాను. ఆ తర్వాత నన్ను నెలల తరబడి సుజాతే లేపింది, సుజాతే కడిగింది. దాని పని పోయింది. నేను అక్కకు కబురు పెడితే అక్క ఫోన్‌లో ఒకటే మాట అన్నది. "మా ఇంటికి వచ్చి పోతె రోగమొచ్చిందా? నా కండ్లతోని చూసిన, గారెలేస్కుంట నవ్వినవ్. మా ఇంట్ల ఏం విషం పెట్టిన్నె నీకు?" ఆ తర్వాత ఏడాది దాకా మాటల్లేవు.

పెద్ద దవాఖానాలో డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఇది దీర్ఘకాలపు అలసట జబ్బు అని, ఒంటి శక్తికి మించి ఏ పని చేసినా, మాట్లాడడం కూడా పనే అని, లక్షణాలు వెంటనే కాక ఆలస్యంగా ఎగదన్నుతాయని. దీనికి మందు లేదని కూడా చెప్పింది. ఇంకొక మాట అన్నది. అట్లా పడిన ప్రతిసారీ ఒక మెట్టు కిందికి దిగినట్టేనమ్మా, మళ్ళీ ఎక్కుతావని నేను మాట ఇవ్వలేను.

నాకు మిగిలిన మెట్టు ఒకటే. గోడ పట్టుకుని నా కాళ్ళతో నేను స్నానాల గదికి పోయి రావడం. అది కూడా పోతే సుజాత పని మళ్ళీ పోతుంది, నా సిగ్గూ పోతుంది.

ఇట్లా ఉండగా అక్క బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. తొట్టెల్లో వేసే రోజు పెట్టుకున్నారు. అక్కే ఫోన్ చేసింది. "వస్తె రా, లేకుంటె లే," అని పెట్టేసింది. మా అక్క ఇంతకంటే ఎక్కువ బతిమాలదు. పోవాలి. పోయి, చూసి, నా మెట్టు నాకు ఉండగానే తిరిగి రావాలి. ప్రయాణం అంతా ఇదే.

ఎట్లా పోవాలో నా భర్త దగ్గర నేర్చుకున్న సంగతితో ఆలోచించాను. ఆయన సంతలో బర్రెను కొంటే మొదటి పూట పాలు చూసి ఎన్నడూ పైసలు ఇవ్వలేదు. దూరం నుంచి నడిపించుకొచ్చిన బర్రె ఆ సాయంత్రం బాగానే ఇస్తుంది, అది పొదుగులో ఉన్న పాలు. నడక దెబ్బ తర్వాత తేలుతుంది. అందుకని కట్టేసి, మేపి, మూడో పూట పిండి చూసి అప్పుడు బేరం ముగించేవాడు. నేను కూడా నా ఒంటి మొదటి పూటను నమ్మకూడదు అనుకున్నాను. కొంచెం పోవాలి, ఆగాలి, దెబ్బ ఎంతో చూడాలి, మళ్ళీ కొంచెం పోవాలి.

సుజాత ఒక చిన్న ప్లాస్టిక్ స్టూల్ ఇచ్చింది. ఎక్కడైనా కూర్చోవడానికి. మా గల్లీ సలీం భాయ్ ఆటో మాట్లాడింది. వాళ్ళింటికి మేము ఇరవై ఏళ్ళుగా పాలు పోస్తున్నాము. స్టూల్‌తో నన్ను చూసి, "అమ్మా, నా ఆటోల సీటు లేదనుకున్నవా?" అన్నాడు. నవ్వాను. నవ్వు కూడా పనే అని అప్పుడే గుర్తొచ్చి ఆపాను.

శాలిబండ

మొదటి మజిలీ శాలిబండ, మా వియ్యపురాలు రుక్కమ్మ ఇల్లు. సుజాత తల్లి. దారిలో ఇరానీ హోటల్ ముందు సలీం భాయ్ ఆటో ఆపి చాయ్ లోపలికే తెచ్చిచ్చాడు, ఒక ఉస్మానియా బిస్కెట్‌తో. చాయ్ ఇరవై రూపాయలు అయిందట ఇప్పుడు. మా లీటరు పాలకు నాలుగు రూపాయలు పెంచితే మాత్రం ఇల్లిల్లూ లొల్లి చేస్తుంది.

వియ్యపురాలి ఇంటికి పోయి పడుకోవడం ఎంత కష్టమో ఎవరికి చెప్పను. మా దిక్కు వియ్యపురాలు వస్తే కాళ్ళకు నీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, కడుపు నిండా మాట్లాడాలి. వచ్చినామె కూడా రెండు ఉల్లిగడ్డలైనా కోయాలి, అది మర్యాద. నేను పోయీ పోగానే గోడ వైపు తిరిగి పడుకున్నాను. రుక్కమ్మ మంచిది. జొన్నరొట్టె, పుంటికూర పక్క మీదకే తెచ్చింది. రొట్టె మెత్తగా ఉన్నా నమలడానికి దవడ అలిసింది, పాలల్లో నానబెట్టుకుని తిన్నాను.

సాయంత్రం పక్కింటామె నన్ను చూడడానికి వచ్చింది. రోగమేమిటని అడిగింది, రుక్కమ్మ చెప్పింది. పని చేస్తే ఎక్కువయ్యే జబ్బు అని. ఆమె కాసేపు ఆలోచించి, "గీ జబ్బు నాక్కూడ జర ఇప్పియ్యి వదినె, మా అత్త ముంగట పండుకుంట," అన్నది. రుక్కమ్మకు కోపం వచ్చింది. నాకు రాలేదు. మూడేళ్ళ కింద నా ముందు ఎవరైనా ఇట్లా పడుకుంటే నేనూ అదే అనేదాన్ని.

మరునాడంతా అక్కడే ఉన్నాను. పొద్దున గొంతులో గరగర, కాళ్ళు బరువు. అంతే, పెద్ద దెబ్బ కాదు. మధ్యాహ్నం దాకా కళ్ళ మీద కొంగు వేసుకుని వింటూ పడుకున్నాను. మసీదు అజాన్, కూరగాయల బండి, కింద ఎవరో ఇనుము కొడుతున్న చప్పుడు. ఇనుము చప్పుడు తలలో తగిలితే మామూలుగా దెబ్బ దిగుతున్నదని నాకు అదొక గుర్తు. ఆ రోజు తగల్లేదు. పోవచ్చు అనుకున్నాను.

లాడ్ బజార్

పాపకు నల్లగాజులు కొనాలి. చిన్నమ్మమ్మ ఉత్త చేతులతో పోతుందా? జనం రాకముందే కొనుక్కుని బయటపడాలని మూడో రోజు పొద్దున్నే బయల్దేరాను. ఎనిమిది దాటకముందే సలీం భాయ్ నన్ను లాడ్ బజార్ మొదట్లో దింపాడు. ఒక్క దుకాణం తెరవలేదు. అన్నీ షట్టర్లే. ఊడ్చే ఆమె, నాలుగు పావురాలు, నేను, నా స్టూల్.

పాలవాళ్ళకు తప్ప ఇట్లాంటి పొరపాటు ఇంకెవరికీ రాదు. మాకు ఎనిమిదంటే సగం రోజు అయిపోయినట్టు. లోకమంతా అప్పటికి లేచి, తిని, దుకాణాలు తెరిచి ఉంటుందని నా లెక్క. సలీం భాయ్ తల కొట్టుకున్నాడు. "నేను గూడ చాయ్ తాగి మెదడు ఇంట్ల పెట్టొచ్చిన. ఈళ్ళు పన్నెండైతె గాని తెరవరు అమ్మా." మళ్ళీ శాలిబండకు పోయి రావడం అంటే రెండు కుదుపులు ఎక్కువ. ఒక దుకాణం మెట్ల దగ్గర నీడలో స్టూల్ వేసుకుని కూర్చున్నాను.

కాసేపటికి ఒకామె బుర్ఖాలో వచ్చి నా పక్క మెట్టు మీద కూర్చున్నది. చేతిలో పెద్ద సంచి. నా వయసే. పేరు షాహీన్ అని చెప్పింది. లక్క గాజుల మీద అద్దాలు, రాళ్ళు ఇంట్లో కూర్చుని అతికించి, దుకాణంవాళ్ళకు ఇచ్చి పోతుందట. దుకాణదారు ఎప్పుడు వస్తే అప్పుడే పని, అందుకని ముందే వచ్చి కూర్చుంటుంది. సంచి తెరిచి చూపించింది. ఎండ పడి ఒక్కసారిగా మెరిసింది, నా కళ్ళల్లో సూదులు గుచ్చినట్టయింది. తల తిప్పుకున్నాను. ఆమె బాధపడింది, బాగా లేవా అని. బాగున్నాయి ఆపా, నా కళ్ళే బాగా లేవు అన్నాను.

దుకాణాలు తెరిచేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. అప్పుడు జరిగింది చెబుతాను, ఎందుకంటే ఇది తెలియకనే నేను పోయినసారి పడ్డాను. నాకు హుషారు వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో, ఒళ్ళంతా తేలికైంది. లేచాను. ఒక దుకాణం కాదు, నాలుగు తిరిగాను. బేరం చేశాను. షాహీన్ ఆపాకు మా బర్రెల కథలన్నీ చెప్పాను, పెళ్ళిలో నా భర్త తలపాగా జారిన కథ కూడా చెప్పాను. ఒక దుకాణంలో నల్లగాజులు జత అరవై అంటే నలభైకి తెచ్చాను, దుకాణదారు నవ్వుకుంటూ ఇచ్చాడు. నాకు జబ్బు లేదనిపించింది. డాక్టరమ్మ తప్పు చెప్పిందనిపించింది. ఈ ఊపులో పురానాపూల్ దాకా నడిచి పోవచ్చు అనిపించింది.

షాహీన్ ఆపా నా ముఖంలోకి చూసింది. "అమ్మా, పొద్దుగాల నువ్వు నాలుగు మాటలు మాట్లాడి ఆగినవ్. ఇప్పుడు ఆగుతనె లేవు. తబియత్ ఠీక్ హై నా?"

అప్పుడు నా చెంప మీద చేయి వేసి చూసుకున్నాను. చెంపలు కాలుతున్నాయి, జ్వరం లేదు. బర్రె పొదుగు అడుగున ఉన్న పాలను కూడా పిండేస్తే చివర్లో ధార సన్నగా, వేగంగా వస్తుంది. చూసేవాడికి జోరుగా కనిపిస్తుంది. పిండేవాడికి తెలుసు, అయిపోవచ్చిందని. నా హుషారు అదే.

ఆటో దగ్గరికి వచ్చాను. సీట్లో కూర్చున్నాక గుర్తొచ్చింది, స్టూల్ ఏదో దుకాణంలో మరిచాను. ఏ దుకాణమో తెలియదు. సలీం భాయ్ వెతుకుతానన్నాడు, వద్దన్నాను.

హుస్సేనీ ఆలం

హుస్సేనీ ఆలం దాటేసరికి మాటలు తప్పిపోవడం మొదలైంది. ఆటో ఆపు అనబోయి ఆటో, ఆటో అన్నాను, రెండో మాట రాలేదు. సలీం భాయ్ అర్థం చేసుకుని ఒక గోడ నీడలో ఆపాడు. హారన్లు చెవిలోంచి పళ్ళలోకి దిగుతున్నాయి. సీటు మీద ముడుచుకుని పడుకున్నాను. ఆయన తన తువ్వాలు తడిపి నా కళ్ళ మీద వేశాడు. వెనక నుంచి ఎవరో బండి తియ్యమని అరిస్తే, దిగి పోయి ఏదో చెప్పి వచ్చాడు. ఏం చెప్పాడో, వాళ్ళు మెల్లగా పక్కకు తిప్పుకుని పోయారు.

"వాపస్ పోదామా అమ్మా? ఫికర్ చెయ్యకు, పైసల సంగతి కాదు."

వాపస్ దూరం ఎక్కువ. ముందుకు తక్కువ. అంతే ఆలోచించాను, ఇంకా ఆలోచించడానికి తల లేదు. ముందుకే పో అని చేత్తో చూపించాను. దూద్ బౌలి మీదుగా పోతుంటే కళ్ళు తెరవకుండానే తెలిసింది, గుంతలను బట్టి. చిన్నప్పుడు నేనూ అక్కా ఈ గల్లీల్లోనే పాల బిందెలు మోసినాము. ఆ పేరు వింటేనే నవ్వుకునేవాళ్ళం, ఊరంతా బావిలో నీళ్ళు తోడుకుంటే వీళ్ళు పాలు తోడుకుంటారా అని.

పురానాపూల్

అక్క గడపలోనే ఉంది. మరునాడే తొట్టెల. వాకిట్లో టెంట్ వేస్తున్నారు, వంటపాత్రలు దించుతున్నారు. ఏడాది మాటల్లేవు కదా, ముఖం తిప్పుకుంటుందేమో అని భయపడ్డాను. తిప్పుకోలేదు. దగ్గరికి వచ్చి నా చెంపలు పట్టుకుని చూసింది. "గిదేంది, రోగం రోగం అంటివి, మొకం మెరిసిపోతుంది," అన్నది. ఆ మెరుపే నా భయం అని ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

లోపలికి తీసుకుపోయింది. పెద్ద బేసిన్‌లో పిండి ఉంది, గారెలకు. ఆమె చేతులకు పిండి అంటుకుని ఉంది. పీట నా వైపు జరిపింది. బతిమాలడం రాని మనిషి కదా, ఆ పీటే ఆమె క్షమాపణ. నేను కూర్చుని రెండు వాయలు వేస్తే ఏడాది లొల్లి అక్కడే ఆరిపోయేది. నాకూ కూర్చోవాలనే ఉంది. ఇంకా నాలో ఆ దొంగ హుషారు కొంచెం మిగిలి ఉంది, వేయగలను కూడా. పోయినసారి ఇక్కడే, ఈ పీట మీదే.

"అక్కా, నేను పండుకుంట," అన్నాను.

"ఏం జేసినవని పండుకుంటవె? ఆటోల కూసొని వచ్చినవ్."

"ఇప్పుడు పండుకోకుంటె ఎల్లుండి లేవ."

"ఎల్లుండి సంగతి ఎల్లుండి," అన్నది, పీట కాలితో వెనక్కి నెట్టింది. "పోయినసారి గూడ గిట్లనె ఉంటివి. ఇంటికి వొయి మా మీద పెడ్తివి. ఇప్పుడు రాంగనె పెడ్తున్నవ్. పండుకునేదానికి ఎందుకొచ్చినవె, మీ ఇంట్ల మంచం లేదా?"

మాటలు ఉన్నాయి గానీ నోటి దాకా రావడం లేదు. గోడకు ఆనుకున్నాను.

అప్పుడే బాలింత గది తలుపు తీసుకుని అక్క బిడ్డ బయటికి వచ్చింది, చెవులకు కట్టిన గుడ్డ విప్పి చేత్తో పట్టుకుని. నీళ్ళ చెంబు అందుకోబోయింది. అక్క పిడుగులా తిరిగింది. "ఏందే లేచినవ్? చెవుల గుడ్డ ఎందుకు తీసినవ్?" ఆ పిల్ల, బాగానే ఉన్నాను కదమ్మా, చెంబే కదా అన్నది. అక్క చెంబు లాక్కుంది. "ఇయ్యాల బాగానె ఉంటవ్. బాలింత ఒళ్ళు ఇయ్యాల చెప్పదు. ఇయ్యాల చేసింది తర్వాత చెప్తది. లోపలికి నడువు."

ఆ పిల్ల లోపలికి పోయింది. అక్క చెంబు పట్టుకుని అట్లాగే ఉంది. నాకు ఎక్కడి నుంచో మాట దొరికింది.

"అక్కా, నువ్వు దానికి చెప్పిందే నేను నీకు చెప్తున్న."

అక్క పిండి వైపు చూస్తూ నిలబడింది. నేను సంచిలోంచి గాజుల పొట్లం తీసి ఇచ్చాను, కోపమైనా తగ్గుతుందని. పొట్లం విప్పింది. ఒక గాజు తీసుకుంది. తన నాలుగు వేళ్ళ మీదికి ఎక్కించింది. నాలుగూ పట్టాయి.

"ఇవి ఎవరికి తెచ్చినవ్?"

"పాపకు."

"పసిపిల్ల పిడికిలి ఎంతుంటదొ తెల్వదా?"

నేను చూశాను. అవి ఐదేళ్ళ పిల్లకు సరిపోయే గాజులు. దుకాణంలో ఒకటికి రెండుసార్లు చూసి, ఇవే అని బేరం చేసి తెచ్చాను.

ఇది మీకు చిన్న పొరపాటుగా కనిపిస్తుంది. మా అక్కకు కాదు. మా నాయన పాలు అమ్మే చోట పెద్దదాన్ని వదిలి నన్ను కూర్చోబెట్టేవాడు, కొలత లేకుండా పోసినా పావుకు పావు, సేరుకు సేరు తేడా రాదని. అక్కకు దాని మీద చిన్నప్పటి నుంచి కుళ్ళు. నా కంటికి కొలత తప్పడం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"యశోదా, నీకు కొలత తప్పింది," అన్నది మెల్లగా.

"నీ బిడ్డ పేరు గూడ యాదికొస్తలేదక్కా," అన్నాను. నిజంగానే రావడం లేదు. చేతుల మీద పెంచిన పిల్ల.

అక్క చేతులు కడుక్కుంది. లోపలికి పోయి ఒక పాత ధోవతి చింపి, దూది తీసుకుని వచ్చింది. నా చెవుల్లో దూది పెట్టింది, గడ్డం కింద నుంచి నెత్తి మీదికి గుడ్డ బిగించి కట్టింది. కట్టేటప్పుడు ఆమె చేతులు కొంచెం గట్టిగానే ఉన్నాయి, కోపమో ఏమో.

"లోపలికి నడువు," అన్నది.

బాలింత గది

నాలాంటి జబ్బుదానికి పసిపిల్ల గది కంటే మంచి చోటు లేదని పోయాక తెలిసింది. కిటికీకి దుప్పటి. గుమ్మానికి వేపాకు. ఊదు పొగ వాసన. వెలుతురు లేదు, చప్పుడు లేదు, ఎవరూ ఏమీ అడగరు. తిండి టైముకు వస్తుంది, వెల్లుల్లి కారంతో మెత్తటి అన్నం, శొంఠి వేసిన కాయం ముద్ద. నేను ఇన్నాళ్ళుగా మా ఇంట్లో ఏది కావాలని చెప్పలేక సతమతమయ్యానో అది మా ఆడవాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు, బాలింతకు ఇస్తారు. ఒక్క బాలింతకే ఇస్తారు.

మరునాడు తొట్టెల. వాకిట్లో పాటలు దూది లోంచి దూరంగా వినిపించాయి. భర్త పోయినదాన్ని, ఎట్లాగూ తొట్టె ముందు నిలబడేదాన్ని కాదు. అందుకని పెద్దగా పోగొట్టుకున్నది లేదు అనుకున్నాను, అనుకున్నా కొంచెం కన్నీళ్ళు వచ్చాయి. పాపను తొట్టెలోకి తీసుకుపోయారు, మళ్ళీ తెచ్చి నా పక్కన పడుకోబెట్టారు. దాని పిడికిలి నా బొటనవేలంత ఉంది. పెద్ద గాజులు దిండు పక్కనే ఉన్నాయి.

తలుపు దగ్గర ఎవరో చుట్టపామె గొంతు వినిపించింది. బాలింత గదిలో ఆమెను ఎందుకు పడుకోబెట్టారని, పసిపిల్ల పక్కన అట్లాంటివాళ్ళు మంచిది కాదు కదా అని. లేవబోయాను. ఒళ్ళు కదల్లేదు, అప్పటికి దెబ్బ దిగుతున్నది.

అక్క గొంతు పెద్దది. దూది ఉన్నా వినబడింది. "లోపల ఇద్దరు బాలింతలున్నరు. లొల్లి చెయ్యకుండ్రి."

తలుపు దగ్గరికి వేసుకుంది.

మూడో పూట

ఆ రాత్రీ మరునాడూ బాగా లేదు. అబద్ధం చెప్పను. మెడ కింద గ్రంథులు ఉబ్బాయి, మింగితే నొప్పి, కళ్ళు తెరిస్తే గది తిరిగింది. దుప్పటి బరువు కూడా బరువే. ఇది అట్లాంటిదే, ఎంత తొందరగా పడుకున్నా పూర్తిగా తప్పదు. కానీ పోయినసారిలా నన్ను అడుగంటా లాగలేదు. ఆ హుషారులో పీట మీద కూర్చుని ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా నాకు ఓపిక లేదు. అక్క బిడ్డ చీకట్లో నా చేయి పట్టుకుని పడుకుంది. దాని పేరు ఆ రాత్రి గుర్తొచ్చింది, స్వాతి. పిలవలేదు, ఊరికే అనుకున్నాను.

ఆ తర్వాతి రోజు పొద్దున వాకిట్లో టెంట్ విప్పేశారు. అక్క చాయ్ తెచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. చిన్నప్పుడు మా నాయన కొత్త బర్రె పాలు చూడడానికి నిలబడినట్టే నిలబడింది, నడుం మీద చేయి పెట్టుకుని.

నేను చాప మీద నుంచి లేచాను. ముందు మోకాళ్ళ మీద, తర్వాత గోడ పట్టుకుని. గోడ చల్లగా ఉంది. స్నానాల గది వసారా చివర్లో ఉంది. పట్టుకోవడానికి స్తంభాలు ఉన్నాయి. అక్క నా వెనక వచ్చింది, పట్టుకోలేదు, పట్టుకోవద్దని ఆమెకు ఎట్లా తెలిసిందో. ఒక స్తంభం దగ్గర ఆగాను. ఆమె కూడా ఆగింది. చాయ్ చల్లారుతున్నది.

తలుపు అందుకున్నాక వెనక్కి చూశాను.

"పాలెట్లున్నయె?" అన్నది అక్క.

"తగ్గినయ్ అక్కా," అన్నాను. "గని ఎండలేదు."

తలుపు నేనే వేసుకున్నాను.